మంత్రాలన్నీ విప్పి చెప్పకు

చిరంజీవికి ఆశీస్సులు.

తాటాకు మంత్రగ్రంథం మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. తాటాకు అంచున పసుపు మరక బాగుంది. కానీ కథకు పైన ‘ఇది యథార్థ గాథ’ అని రాశావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆపైన మూడు పేజీల నిండా మంత్రాలు! గ్రంథంలో ఉన్నదంతా కుమ్మరించాక పాఠకుడు భయపడడానికి ఇంకేం మిగిలింది?

అమెరికాలోని ప్రావిడెన్స్‌లో లవ్‌క్రాఫ్ట్ అనే కథకుడు ఉండేవాడు. ఆయన ఊహించిన మంత్రగ్రంథం ‘నెక్రోనమికాన్’. 1924లో అచ్చయిన ‘ది హౌండ్’ కథలో ఆ పేరు కనిపిస్తుంది. గ్రంథాన్ని మాత్రం ఆయన ఎన్నడూ రాయలేదు. ఒక కథలో రెండు పంక్తులు, ఇంకో కథలో ఒక పేరా, అంతే. మంత్రాలకు బదులు దాని పుట్టుపూర్వోత్తరాలు రాశాడు, దస్తావేజు రాసినంత పొడిగా. యెమెన్‌లోని సనా నగరానికి చెందిన పిచ్చికవి అబ్దుల్ అల్‌హజ్రెడ్ దాన్ని డమాస్కస్‌లో రాశాడట. 950లో గ్రీకులోకి, 1228లో లాటిన్‌లోకి వచ్చిందట. ప్రతులు బ్రిటిష్ మ్యూజియంలో, పారిస్ జాతీయ గ్రంథాలయంలో, హార్వర్డ్‌లో ఉన్నాయట. ఆ గ్రంథాలయాలు నిజమైనవే. వాటి సరసన తాను కల్పించిన మిస్కటానిక్ విశ్వవిద్యాలయాన్ని కూర్చోబెట్టాడు. స్నేహితులైన రచయితలు కూడా తమ కథల్లో ఆ గ్రంథం పేరు ఎత్తారు.

పాఠకులు నమ్మారు. ఉత్తరాలు రాసి అడిగారు. అది తన కల్పనేనని ఆయన ఉన్నమాట చెప్పాడు. కథలో ఎంత నమ్మించినా, మనిషి అడిగినప్పుడు అబద్ధమాడలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. 1937లో పేదరికంలోనే పోయాడు. 1977లో ‘సైమన్’ అనే మారుపేరుతో ఎవరో ‘నెక్రోనమికాన్’ పేరునే మంత్రాలతో, చిహ్నాలతో పుస్తకమే వేశారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఒక్క వెంట్రుక నిక్కబొడుచుకోలేదు.

నేను వారపత్రికలకు రాసే రోజుల్లో చేతబడి సీరియళ్ల గాలి వీచింది. నా కథలో ఒక ఊరి గ్రంథాలయం రిజిస్టరు ఉండేది. వరుస సంఖ్య, పుస్తకం తీసుకెళ్లిన వాళ్ల సంతకాలు, చివరి సంతకం పక్కన ఎర్రసిరాతో ‘తిరిగి రాలేదు’. సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి పుర్రె, నిమ్మకాయలు పెట్టమన్నాడు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పెట్టాను. ఆ కథ ఈనాడు ఎవరికీ గుర్తులేదు. ఆ ఎర్రసిరా మాట కోసం నేను ఇప్పటికీ బాధపడతాను. ఆ పని చేయించినవాణ్ని క్షమించలేదు.

పత్రికల చిరునామాలు అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు ఆ మూడు పేజీలు తీసెయ్. ‘యథార్థ గాథ’ కొట్టెయ్. ఆ తాటాకులు ఎవరి ఇంట్లో, ఏ భోషాణంలో, ఏ సంవత్సరం దొరికాయో రాయి. పసుపు ఎవరి చేతిదో నువ్వు చెప్పలేదు. చెప్పకు. దసరాలోగా మళ్లీ రాసి పంపు.