అమ్మతో వెళ్తే కుంతాల జలపాతం వద్దు, బొగత పెట్టుకోండి
అన్నా, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, పిల్లలతో హన్మకొండ నుంచి ఒక్క రోజులో జలపాతం, పాత గుడి రెండూ చూడాలన్నారు కదా. కుంతాల వద్దు. దిగడం ఎలాగోలా దిగుతారు గానీ, ఆ వందల మెట్లు మళ్లీ ఎక్కాలంటే అమ్మకి నరకమే.

పొద్దున్నే ములుగు మీదుగా పాలంపేట వెళ్లి రామప్ప చూడండి. 1213 నాటి గుడి. చెప్పులు విప్పాలి, ఎండెక్కితే బండలు కాలుతాయి. అమ్మకి సాక్సులు పెట్టండి. మండపం బయట, చూరు కింద నల్లరాతి మదనికలు (ఆడవాళ్ల శిల్పాలు) ఉంటాయి. వాళ్లలో ఎత్తు మడమల చెప్పులేసుకున్నామె ఎక్కడుందో పిల్లల్ని వెతకమనండి, మీకు కాసేపు తీరిక!

తర్వాత ఏటూరునాగారం అడవి దాటి, గోదావరి వంతెన మీదుగా వాజేడు దగ్గరి బొగతకి. నడక తక్కువే. వానలు గట్టిగా పడితే సందర్శకుల్ని ఆపేస్తారు, ముందు కనుక్కోండి. చీకటి పడకముందే అడవి దాటేయండి.