మాలకొండలో పుట్టువెంట్రుకలు: 14 వేలలో ఒక శనివారం

ఒంగోలు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "ప్రైవేటు ఉద్యోగం, జీతం 38 వేలు. మూడో ఏడు నడుస్తున్న మా బాబుకి నాలుగు నెలల్లో మాలకొండ నరసింహస్వామి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాలి. మా అమ్మానాన్న, అత్తమామలు, బావమరిది దంపతులు, మేము ముగ్గురం, మొత్తం తొమ్మిది మందిమి. తెలిసినాయన తన సొంత ఏడు సీట్ల కారు డీజిలుతో సహా 4,500 బాడుగకు ఇస్తానంటున్నాడు, సర్దుకుంటే అందరం పడతాం. అదే రోజు భైరవకోన గుహాలయాలు కూడా చూసి రావచ్చా? ఖర్చుకు 20 వేలు బంగారం మీద తీసుకుందామనుకుంటున్నాం. సరేనా?"

బంగారం మాట చివర్లో. ముందు బండి సంగతి తేలాలి, ఎందుకంటే మీ ఖర్చులో సగానికి పైగా అదే.

ఆ 4,500 బండి వద్దు. అది తెల్ల నంబరు ప్లేటు కారు. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ బాడుగకు తిప్పినప్పుడు వర్తించదని పాలసీ కాగితంలోనే ఉంటుంది. దారిలో ఏదైనా జరిగితే కంపెనీ మొదట అడిగేది "బాడుగకు వెళ్ళారా?" అనే. పైగా ఏడు సీట్లలో డ్రైవరుతో కలిపి పది మంది. పరిహారం కోసం ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు, కట్టలేక చేతులెత్తేసేది ఆ తెలిసినాయన. ట్యాక్సీగా రిజిస్టరైన పసుపు ప్లేటు బండే మాట్లాడుకోండి. నంబరు తెలిశాక ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది.

ఇక లెక్క. బాడుగ బండి ఖర్చు మనిషి మనిషికీ కొంచెం కొంచెంగా పెరగదు, మెట్టు మెట్టుగా ఎగురుతుంది. ట్యాక్సీ ఎర్టిగాలో డ్రైవరు కాక ఆరుగురు. ఏడో మనిషి వచ్చాడంటే రెండో బండి కావాలి, లేదా టెంపో ట్రావెలర్‌కి వెళ్ళాలి. ఎర్టిగాకి కిలోమీటరుకు 18 రూపాయలు, ట్రావెలర్‌కి 24, రెండింటికీ రోజుకు మినిమం 300 కిలోమీటర్లు అన్నారనుకుందాం. డ్రైవరు బత్తా ఎర్టిగాకి 500, ట్రావెలర్‌కి 600 వేసుకుంటే ఎర్టిగా 5,900, రెండు ఎర్టిగాలు 11,800, పన్నెండు సీట్ల ట్రావెలర్ 7,800. మీరు అడిగినప్పుడు రేట్లు అటూ ఇటూ ఉంటాయి, ఈ మెట్లు మాత్రం ఇలాగే ఉంటాయి.

ఇంకో దారి కూడా ఉంది. పెద్దవాళ్ళు నలుగురు, మీ ఆవిడ, బాబు ఎర్టిగాలో. మిగతా ముగ్గురు ఆర్టీసీలో కందుకూరు వెళ్ళి, అక్కడి నుంచి శనివారం కొండకు నడిచే బస్సు ఎక్కడం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్, కాబట్టి మీ బావమరిది భార్యకి చార్జీ పడదు (కొండకు వేసే స్పెషల్ బస్సులో అది చెల్లుతుందా అని డిపోలో ముందే అడగండి). మగవాళ్ళిద్దరికీ పోనూ రానూ ఐదారు వందలు. మొత్తం 6,400 చుట్టూ. ట్రావెలర్ కంటే 1,400 తక్కువ. కానీ మొదటి కత్తెర వేయాల్సింది మేనమామ. ఆయనేమో బస్సులో! బస్సు గంట ఆలస్యమైతే ఒళ్ళో బాబుతో అందరూ కల్యాణకట్ట దగ్గర కూర్చోవాలి. పోనీ ఆయన్ని కారెక్కిద్దామంటే పెద్దవాళ్ళలో ఒకరిని దించాలి. 1,400 కోసం ఇంత తలనొప్పి అక్కర్లేదు. నా ఓటు ట్రావెలర్‌కే. మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయని ఇంకో ముగ్గురిని పిలవడం మాత్రం వద్దు, భోజనాలు, బట్టలు పెట్టుడు అక్కడే మొదలవుతాయి.

భైరవకోన సంగతీ ఈ లెక్కలోనే తేలుతుంది. ఒంగోలు నుంచి సింగరాయకొండ, కందుకూరు మీదుగా మాలకొండకు దాదాపు 80 కిలోమీటర్లు. పోనూ రానూ 160. అయినా మీరు కట్టేది 300కే, అంటే నిజంగా కిలోమీటరుకు 45 పడినట్టు. అక్కడి నుంచి పామూరు, సి.ఎస్.పురం మీదుగా భైరవకోన చూసి, కనిగిరి, పొదిలి దారిలో ఒంగోలు చేరితే మొత్తం 290 దాకా వస్తుంది. బత్తా కాక అదే 7,200లో రెండు క్షేత్రాలు. సొంత కారైతే ఆ అదనపు 130 కిలోమీటర్లకూ ఇంధనం పోయాలి, బాడుగ బండిలో దానికి డబ్బు ముందే కట్టేశారు.

ఇక్కడే ఒక మెలిక. కొందరు కిలోమీటర్లు మీ ఇంటి నుంచి కాక బండి షెడ్డు నుంచి షెడ్డుకి లెక్కేస్తారు. 300 దాటి 20 తిరిగితే ఇంకో 480. అలాగే "రోజు" అంటే 12 గంటలా, 14 గంటలా? రాత్రి పది దాటితే బత్తా మళ్ళీ వేస్తారా? టంగుటూరు టోలు, కొండ దగ్గర పార్కింగు ఎవరివి? ఇవన్నీ ఫోన్లో మాట్లాడి వదిలేయకండి, వాట్సాప్‌లో రాయించుకోండి. అడ్వాన్సు ఆ తర్వాతే.

టైము కూడా డబ్బే. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, మిగతా ఆరు రోజులూ దేవతలూ ఋషులూ కొలుస్తారని నమ్మకం. జనమంతా ఆ ఒక్కరోజే వస్తారు. ఐదింటికి బయల్దేరితే ఏడుకల్లా కొండ మీద ఉంటారు. తలనీలాలు, స్నానం, దర్శనం అయ్యేసరికి పదకొండు. పైన అమ్మవారి దగ్గరికి చీలిన బండరాళ్ళ మధ్య ఇరుకు సందులోంచి ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని బలవంతపెట్టకండి. పదకొండున్నరకి అక్కడి నుంచి కదల్లేకపోతే భైరవకోన మానుకోండి. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఎక్కడికీ పోవు. చీకటి పడ్డాక గుండు చేయించుకున్న పసివాడితో ఆ దారిలో తిరగడమే కష్టం. కార్తీక మాసమైతే రెండు చోట్లా జనమే, అప్పుడు మాలకొండ ఒక్కటే పెట్టుకోండి.

మిగతా ఖర్చు త్వరగా చెప్పేస్తాను. టోలు, పార్కింగు 300. టికెట్టు, మంగలికి ఇచ్చేది, పూజ సామాను కలిపి వెయ్యి. బాబు బట్టలు వెయ్యి. పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే కట్టుకుని, టిఫిను, మంచినీళ్ళు బయట కొంటే 1,200. అన్నదానం ఉంటుందన్న ధీమాతో పసివాడిని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. మొక్కు 1,116. బండితో కలిపి 12,416. చేతిలో 1,500 ఉంచుకుంటే 13,916. మీరనుకున్న 20 వేలు అక్కర్లేదు.

అందుకే బంగారం బయటికి తీయొద్దు. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా 20 వేలకు నెలకు 200, అది పెద్ద భారం కాదు. అసలు చిక్కు ఏడాది తిరిగాక వస్తుంది. వడ్డీ ఒక్కటే కట్టి తిరగరాయించుకుంటారు, ఒక్క శనివారం కోసం పెట్టిన గొలుసు మూడేళ్ళు బ్యాంకులో ఉంటుంది. నాలుగు నెలలు టైముంది, జీతం పడ్డ రోజే నెలకు 3,500 వాడని సేవింగ్స్ ఖాతాలోకి మార్చండి, 14 వేలు అవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి పనికిరాదు, అది ఐదేళ్ళది. మూడో నెల చివర్లో బండి మాట్లాడుకుని ఆ ఖాతాలోంచే యూపీఐలో వెయ్యి అడ్వాన్సు పంపండి. పెళ్ళి ముహూర్తాలున్న శనివారాల్లో ట్రావెలర్లు దొరకవు, దొరికినా పైన చెప్పిన రేటుకి రావు. అందుకే తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం ఒకసారి చూడండి.