ఒకే సర్జన్, మూడు రకాల మాటలు

ప్రశ్న: మేడమ్, నాకు చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి కారుతుంది. ఈమధ్య చీము వాసన కూడా వస్తోంది, వినికిడి తగ్గింది. స్కాన్ చూసిన సర్జన్ కొలెస్టియటోమా అని చెప్పి, మాస్టాయిడ్ (చెవి వెనకుండే ఎముక) ఆపరేషన్ ఆలస్యం చేయొద్దన్నారు. ఆయన దగ్గర ఆపరేషన్ చేయించుకున్న ముగ్గురిని కనుక్కున్నాను. చెవి ఎప్పుడూ కారకుండానే వినికిడి తగ్గుతూ వచ్చిన ఒకావిడ, ఇప్పుడు గుసగుసలు కూడా వినిపిస్తున్నాయని ఆయన్ని దేవుడంటోంది. నాలాగే చెవి కారిన ఒకాయన, చీము ఆగింది గానీ ఉన్న కాస్త వినికిడీ తగ్గిందని తిడుతున్నాడు. కర్ణభేరికి పడ్డ చిల్లు మూయించుకున్న అమ్మాయికి ఏడాది తిరక్కుండానే మళ్లీ చిల్లు పడిందట. పైగా ఆయన అడిగినదానికి జవాబు చెప్పరట. ఎవరి మాట నమ్మను? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముగ్గురి మాటా నమ్మండి. కాకపోతే ముగ్గురికీ జరిగింది ఒకే ఆపరేషన్ కాదు.

మొదటావిడది బహుశా చెవి లోపల శబ్దాన్ని మోసే స్టేపిస్ అనే ఎముక బిగుసుకుపోయిన జబ్బు. మూడు మిల్లీమీటర్లుండే ఆ ఎముక కదలకపోతే శబ్దం లోపలికి వెళ్లదు. దాన్ని తీసి చిన్న పిస్టన్ పెడతాం. 1956లో జాన్ షే చేసి చూపించినప్పటి నుంచి ఇది ప్రపంచమంతా జరుగుతోంది. అనుభవం ఉన్న చేతుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి వినికిడి బాగా వస్తుంది. వందలో ఒకరికి మాత్రం ఆ చెవికి వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉంటుంది. ఆవిడ ఆనందం నిజమే గానీ, దాన్ని చూసి మీ చెవి మీద ఆశ పెంచుకోకండి.

మీరు వినాల్సింది రెండో ఆయన మాట. కొలెస్టియటోమా క్యాన్సర్ కాదు. ఉండకూడని చోట చర్మం పేరుకుపోయి, పక్కనున్న ఎముకని కొద్దికొద్దిగా తినేస్తుంది. వదిలేస్తే ముఖం నరం దాకా, లోపలి చెవి దాకా, మెదడు పొరల దాకా వెళ్లగలదు. అందుకే ఈ ఆపరేషన్‌లో జబ్బును మొత్తం తీసి, చెవిని పొడిగా ఉంచడమే మొదటి పని. వినికిడి రెండో పని. ఇంకో విచిత్రం ఉంది. వినికిడి ఎముకలను జబ్బు తినేశాక, ఆ ఖాళీలో పెరిగిన గడ్డే ఒక్కోసారి శబ్దాన్ని మోస్తుంటుంది. దాన్ని తీయగానే వినికిడి ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఆయనకి ఆపరేషన్ చెడిందని నేను అనలేను. ఇలా కావచ్చని ముందే చెప్పారా లేదా అన్నదే నాకు కావాలి.

అమ్మాయి సంగతికొస్తే, కర్ణభేరికి వేసిన అతుకు పదింటిలో ఒకటి నిలవకపోవడం ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. నా పేషెంట్లలోనూ అలాంటివాళ్లున్నారు, నన్ను తిట్టేవాళ్లూ ఉన్నారు. కానీ ‘జవాబు చెప్పరు’ అన్న ఫిర్యాదుని మాత్రం నేను చిల్లు కన్నా సీరియస్‌గా తీసుకుంటాను. మాలో కొందరికి చేతులు ఆడినంత బాగా నోరు ఆడదు. అది స్వభావం కావచ్చు, ఓపీలో రద్దీ కావచ్చు. పేషెంటుకి మాత్రం ఏది ఎంతవరకు బాగవుతుందో తెలియకుండా పోతుంది.

అందుకని ఈసారి మీ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు, పట్టుకుని వెళ్లండి. అందులో ఒక్కో చెవికి రెండు గీతలుంటాయి. ఒకటి గాలి ద్వారా విన్నది, ఇంకోటి ఎముక ద్వారా విన్నది. రెండింటి మధ్య ఉన్న ఖాళీనే ఆపరేషన్ పూడ్చగలదు. ఎముక గీత లోపలి చెవి సత్తాని చూపిస్తుంది, దాన్ని ఏ సర్జన్ కూడా పెంచలేరు. ‘నా గీతల్లో ఎంత పూడుతుంది?’ అని వేలు పెట్టి చూపించమనండి. చెవి గొట్టం వెనక గోడ ఉంచుతారా, తీసేస్తారా అని కూడా అడగండి. తీసేస్తే జబ్బు మళ్లీ దాక్కునే చోటు తగ్గుతుంది గానీ, అక్కడ మిగిలే గుంతని జీవితాంతం అప్పుడప్పుడు డాక్టరు చేత శుభ్రం చేయించుకోవాలి, నీళ్లు పోకుండా చూసుకోవాలి. ఉంచితే ఏడాదికి అటూ ఇటూ మళ్లీ తెరిచి చూడటమో, ఎమ్మారై తీయించడమో ఉంటుంది. చివరగా, ఆయన పేషెంట్లలో ఎవరికైనా చెవి పూర్తిగా పోయిందా, ముఖం వంకర పోయిందా అని మొహమాటపడకుండా అడిగేయండి. ‘నా దగ్గర అలాంటివి జరగవు’ అనే సర్జన్ కన్నా, జరిగినవాటి లెక్క చెప్పే సర్జన్ దగ్గరే నేనైతే ఆపరేషన్ చేయించుకుంటాను.

ఆయన విసుక్కుంటే స్కాన్, ఆడియోగ్రామ్ తీసుకుని ఇంకో చెవి సర్జన్‌కి చూపించండి. తప్పేం లేదు. అయితే నెలల తరబడి తిరగొద్దు. ముఖం ఒకవైపు జారినా, కళ్లు గిర్రున తిరిగినా, జ్వరంతో తలనొప్పి వచ్చినా మాత్రం ఎవరి అభిప్రాయమూ అడక్కుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: చెవి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నాలుకకి ఒకవైపు ఇనుము నాకినట్టు ఉంటోంది. ‘అదే పోతుంది’ అని పంపేశారు. ఏదైనా తప్పు జరిగిందా?

జవాబు: రుచిని మోసే ఒక సన్నటి నరం కర్ణభేరి వెనకాల నుంచే వెళ్తుంది. పని చేసుకోవడానికి దాన్ని పక్కకి జరపాల్సి వస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. చాలామందికి కొన్ని నెలల్లో ఆ తేడా తగ్గిపోతుంది. నరాన్ని జరిపారా, తెగిందా అన్నది మీ ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉండాలి. కాపీ అడిగి తీసుకోండి.