చెరువు గట్టు మీద ఫోన్ మాటలకు పన్నెండు వేల ఇయర్‌బడ్స్ కావాలా?

ప్రశ్న: నేను భీమవరం దగ్గర రొయ్యల కొనుగోళ్లు చూస్తాను. రైతుల దగ్గర సరుకు మాట్లాడి ప్రాసెసింగ్ ప్లాంట్లకు పంపిస్తే కమిషన్ వస్తుంది. ఏడాది మొత్తం మీద సగటున నెలకు 45 వేలు మిగులుతుంది కానీ కొన్ని నెలలు దాదాపు ఖాళీ. రోజుకు నాలుగైదు గంటలు ఫోన్ మీదే ఉంటాను, రెండు ఫోన్లు వాడతాను. ఆరు నెలల్లో 500 రూపాయల బ్లూటూత్ సెట్లు రెండు పాడైపోయాయి. మా బావమరిది 12,000 పెట్టి మంచి ఇయర్‌బడ్స్ తీసుకోమంటున్నాడు. నో కాస్ట్ ఈఎంఐ ఉందట, వ్యాపార ఖర్చు కింద చూపిస్తే పన్ను కూడా తగ్గుతుందట. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. అలాగని మళ్లీ 500 రూపాయల సెట్టు కూడా కొనకండి.

ముందు మీ పని గురించి మాట్లాడదాం, డబ్బు లెక్క దాన్నిబట్టే తేలుతుంది. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, తెల్లవారుజామున గట్టు మీద నిలబడతారు. ఒకపక్క ఏరేటర్లు నీళ్లను చిలుకుతుంటాయి, ఇంకోపక్క వ్యాను ఇంజను ఆగదు, కూలీలు ఐసు డబ్బాలు దించుతూ కేకలేస్తుంటారు. ఆ రొదలో మీరు ప్లాంటు వాళ్లకు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) చెప్పాలి, కిలో రేటు ఖాయం చేసుకోవాలి. మన అంకెల్లో ఇరవైకీ అరవైకీ మొదటి అక్షరం ఒక్కటే తేడా. అది రొదలో పోతే 265 కాస్తా 225 అవుతుంది. అంత పెద్ద తేడా ఎవరైనా మళ్లీ అడిగి సరిచేసుకుంటారు అనుకుందాం. కిలోకి పది రూపాయల పొరపాటు అయితే అంత తేలిగ్గా బయటపడదు. రెండు టన్నుల సరుకు మీద అది 20,000. రైతు ఒకటి విన్నాడు, ప్లాంటు ఇంకొకటి విన్నది అంటే మధ్యలో మాట పోయేది మీకే. అందుకని మీరు డబ్బు పెట్టాల్సింది అవతలి మనిషికి మీ మాట స్పష్టంగా చేరడం కోసం. మీ చెవికి పాట ఎంత బాగా వినిపిస్తుందన్నది ఈ కొనుగోలులో లెక్కలోకి రాదు.

12,000 ఇయర్‌బడ్స్‌లో ధరలో ఎక్కువ భాగం పాటల కోసమే పెడతారు. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను మరింత నాణ్యంగా పంపే పద్ధతి) అనీ హై రిజల్యూషన్ అనీ అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మామూలు బ్లూటూత్‌లో కాల్ కోసం మైక్ పనిచేయడం మొదలవగానే ఆ పాటల పద్ధతి పక్కకు వెళ్లి, కాల్స్ పద్ధతి వస్తుంది. సీడీ పాటలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి దాస్తే, బ్లూటూత్ కాల్‌లో మెరుగైన పద్ధతిలో చాలావరకు 16,000, పాత పద్ధతిలో 8,000 సార్లు మాత్రమే. అంటే ఎల్‌డాక్‌కు కట్టిన డబ్బు మీ కాల్‌లో ఒక్క క్షణం కూడా పనిచేయదు.

అట్ట మీద ఏఎన్‌సీ అని రాసే రొద తగ్గింపు విషయం కూడా అంతే. అది మీ చెవికి వచ్చే రొదను తగ్గిస్తుంది. ఏరేటర్ల చప్పుడు అవతలివాళ్లకు వెళ్లకుండా చూసేది మైకు దగ్గర జరిగే పని, దాన్ని అట్ట మీద ఈఎన్‌సీ అని రాస్తారు. ఈ రెండూ ఒకటే అనుకుని జనం మోసపోతున్నారు. నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే కొట్టులో అడిగినా చాలాసార్లు రెండింటికీ ఒకటే సమాధానం చెప్తారు. ఈఎన్‌సీ ఉన్నంత మాత్రాన అయిపోలేదు. కొన్ని సెట్లు రొదను కోసేటప్పుడు మాట మొదటి అక్షరాన్ని కూడా కోసేస్తాయి. మీకు కావలసిందే ఆ మొదటి అక్షరం!

మైకు నోటికి ఎంత దగ్గరగా ఉంటే మాట అంత బలంగా పడుతుంది. దూరం సగానికి తగ్గితే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం పెరగదు. ఇయర్‌బడ్ మైకు చెవి దగ్గరే ఉండిపోతుంది. ఒక చెవికి పెట్టుకుని, చెంప పక్కనుంచి నోటివైపు చిన్న కాడ వచ్చే హెడ్‌సెట్లు ఉంటాయి, జబ్రా, పోలీ లాంటి కంపెనీలు ఆఫీసు కాల్స్ కోసమే తయారుచేస్తాయి. వాటిలో మంచివి సుమారు ఐదు వేల నుంచి పది వేల మధ్య దొరుకుతాయి. మీ పనికి నేను చెప్పేది ఇదే రకం, ఆరు వేల దాకా. చూడ్డానికి బడ్స్ అంత సొగసుగా ఉండదు. అయినా ఒక చెవి ఖాళీగా ఉంటుంది కాబట్టి వెనక వ్యాను వస్తున్నా, కూలీ పిలిచినా తెలుస్తుంది. గట్టు మీద తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు లెక్క. ఆరు నెలల్లో రెండు సెట్లకు 1,000 పెట్టారు, అంటే నెలకు 167. ఆరు వేల హెడ్‌సెట్ రెండేళ్లే వస్తుందనుకుంటే నెలకు 250, మూడేళ్లు వస్తే సరిగ్గా మీ 167. పన్నెండు వేల బడ్స్ రెండేళ్లకు నెలకు 500 పడుతుంది. బడ్స్‌కు రెండేళ్లే ఎందుకు వేశానంటే, వాటిలో బ్యాటరీ చిన్నది, మార్చడానికి వీలుండదు, మీలాగా రోజుకు రెండుసార్లు ఛార్జ్ చేసేవాళ్లకు తొందరగా నీరసిస్తుంది. అట్ట మీద 40 గంటలు అని కనిపిస్తే నమ్మేయకండి. అది డబ్బాలో ఉన్న ఛార్జ్ కూడా కలిపి, పాటలు వింటే వచ్చే లెక్క. మీరు చూడాల్సింది ఒక్క ఛార్జ్‌కు ఎన్ని గంటల టాక్ టైమ్ అన్నది. ఆరు గంటల కంటే తక్కువైతే వదిలేయండి.

ఈఎంఐ గురించి గట్టిగానే చెప్తాను. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది. ఒకేసారి కట్టేవాళ్లకు వచ్చే డిస్కౌంట్ మీకు రాకపోవచ్చు, ప్రాసెసింగ్ ఫీజు పడవచ్చు, కార్డు ఈఎంఐలో వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. వీటన్నిటికంటే నాకు టెన్షన్ మీ ఖాళీ నెలల గురించి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడు రొయ్య రేట్లు ఏమయ్యాయో నాకంటే మీకే బాగా తెలుసు. పన్నెండు వేలు ఆరు నెలల్లో కట్టినా నెలకు రెండు వేలు, సరుకు కదలని నెలలో ఆ వాయిదా ఉండకూడదు. సీజన్లో ఒక మంచి వారం చూసుకుని, చేతిలో డబ్బుతో కొనండి.

పన్ను మాట: ఏడాదికి మీ ఆదాయం 5 లక్షల 40 వేలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఇలాంటి ఆదాయం 12 లక్షల దాకా పన్ను పడదు. లేని పన్ను తగ్గదు కదండీ. బిల్లు మీ పేరు మీద తీసుకుని దాచుకోండి. కమిషన్ ఆదాయానికి అంచనా పద్ధతిలో (ఖర్చుల లెక్క లేకుండా వచ్చినదాంట్లో ఇంత శాతం లాభమని చూపి) రిటర్న్ వేసే వీలు లేదు, అసలు ఖర్చులే చూపాలి, కాబట్టి ఆదాయం పెరిగిన రోజున ఇలాంటి బిల్లులన్నీ పనికొస్తాయి. పన్ను మిగులుతుందని మాత్రం కొనకండి.

రెండు ఫోన్లు అన్నారు. మల్టీపాయింట్ ఉన్నది అడగండి, ఒకేసారి రెంటికీ కలుస్తుంది. తడి విషయంలో, నీటిని ఎంత తట్టుకుంటుందో పరీక్షించి ఇచ్చే గుర్తు ఐపీఎక్స్4 అని ఉంటే చెమటకు, చిన్న తుంపరకు సరిపోతుంది. ఆ పరీక్షలు మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీటి చెరువుతో కాదు. చేతులు తుడుచుకునే ముట్టుకోండి, రాత్రి ఛార్జింగ్ పెట్టేముందు పిన్నులు పొడి గుడ్డతో తుడవండి. మీ 500 రూపాయల సెట్లు పాడైంది అక్కడే అయ్యుండొచ్చు. అట్ట మీద బీఐఎస్ గుర్తు, ఎమ్మార్పీ, దిగుమతి సరుకైతే దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఏ గొడవ వచ్చినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంకొకటి, బండి మీద వెళ్తూ దీంట్లో మాట్లాడకండి. ఉండి దగ్గర వెంకయ్య వయ్యేరు కాలువ పక్క రోడ్డు మీద రేటు బేరం నడుస్తుంటే కళ్లు రోడ్డు మీద ఉన్నా మనసు ఉండదు. పక్కకు ఆపి మాట్లాడండి. ఇంట్లోవాళ్లు మీ కమిషన్ మీదే ఆధారపడి ఉన్నారు.

కొనే ముందే అడగాల్సింది: సీలు తీశాక నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా, లేక ఇంకొక పీసే ఇస్తారా? చెవిలో పెట్టుకునే వస్తువులు కాబట్టి చాలాచోట్ల డబ్బు ఇవ్వరు. ఇస్తామన్న చోటే తీసుకోండి, ఆ మాట బిల్లు మీద రాయించండి.

తెచ్చిన మర్నాడే గట్టు మీదికి వెళ్లండి. ఏరేటర్లు తిరుగుతుండగా ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి పది అంకెలు చెప్పండి, 225, 265, 235, 275 ఇలా దగ్గర దగ్గరగా ఉన్నవి. వాళ్లను కాగితం మీద రాసుకోమనండి. ముందు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి, తర్వాత హెడ్‌సెట్‌తో ఇంకో పది. హెడ్‌సెట్‌తో తప్పులు తగ్గకపోతే గడువులోపు వెనక్కి ఇచ్చేయండి, ధర ఎంతైనా సరే. ఈ పరీక్షలో ఓడిపోయిన పన్నెండు వేల బడ్స్ కంటే, 500లో దొరికే టైప్-సీ వైరు ఇయర్‌ఫోన్ మేలు. దానికి ఛార్జింగ్ గోల లేదు, షెడ్డులో కూర్చుని చేసే కాల్స్‌కు హాయిగా సరిపోతుంది.

ఏది కొన్నా, రేటు ఖాయమయ్యాక కౌంట్, రేటు, టన్నులు ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో రైతుకూ ప్లాంటుకూ పెట్టండి. ఇది ఇవాళ్టి నుంచే మొదలుపెట్టొచ్చు, హెడ్‌సెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.