పాత బోటు ఇంజిన్ నల్లపొగ వదులుతుంటే బోరు పనికి తొందరపడవద్దు

మీ ట్రాలరు ఇంజిన్ పాతదని, గేరు వేసి వేగం పెంచగానే నల్లపొగ కమ్ముకుంటోందని, మెకానిక్ చూసి "బోరుకు వచ్చింది, మొత్తం విప్పాలి" (అంటే పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ అరిగింది) అంటున్నారని, ఆ మాట నమ్మవచ్చునా అని అడిగారు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజిన్ల పనిలోనే చాలా కాలంగా ఉన్నవాడిని కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను: గేరులో ఉన్నప్పుడు మాత్రమే వచ్చే నల్లపొగకు కారణం చాలా వరకు ఇంజిన్ బయటే ఉంటుంది. బోరు, పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ పైకెక్కి కాలుతుంది, అప్పుడు వచ్చేది నీలిపొగ. నల్లపొగ వస్తున్నదంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని, లేదా ఇంజిన్ మోయగలిగినదానికన్నా ఎక్కువ భారం దాని మీద పడుతున్నదని అర్థం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం ముగిసి బోట్లన్నీ ఒకేసారి బయలుదేరే రోజుల్లో, ఇలాగే పొగ వదులుతున్న ఒక ట్రాలరు దగ్గరకు నన్ను పిలిచారు. నిషేధ కాలంలో బోటును ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలన్నీ గీకించి, రంగు వేయించారు. కేబిన్ వెనుక గోడకు వేసిన ఆ కొత్త తెల్లరంగు మీద అప్పటికే మసి చారలు కట్టింది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి బల్ల మీద వరుసగా పేర్చి ఉన్నాయి, వాటికి డీజిల్ పంపే పంపు కూడా విప్పడానికి స్పానర్లు సిద్ధంగా ఉన్నాయి. నేను పొగగొట్టం అంచు లోపల వేలు పెట్టి చూస్తే మసి కాటుకలా పొడిగా అంటింది తప్ప జిడ్డు ఏమాత్రం లేదు. ఆయిల్ కాల్చే ఇంజిన్‌లో ఆ మసి తడిగా, జిగటగా ఉంటుంది. ఇంజెక్టర్లు మళ్లీ బిగించమని చెప్పి, జెట్టీ దగ్గరే గేరు లేకుండా పూర్తి వేగం ఇప్పిస్తే పొగ దాదాపు కనిపించలేదు. హార్బరు దాటి గేరులో పూర్తిగా ఇప్పిస్తే, నిమిషానికి 1,800 చుట్లు తిరగవలసిన ఇంజిన్ 1,500 దగ్గర ఆగిపోయి నల్లగా కక్కింది. అప్పుడు ఇంజిన్ గది మూత తెరిపించాను. పొగ కళ్లముందే పలుచబడింది, కానీ పూర్తిగా పోలేదు.

పలుచబడటానికి కారణం వెంటనే దొరికింది. గదిలోకి గాలి వచ్చే కిటికీలకు అడ్డంగా వలలు, ప్లాస్టిక్ ట్రేలు పేర్చి ఉన్నాయి. వేడెక్కిన గాలి పలుచన, ప్రతి 10 డిగ్రీలకు దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. ఉక్కపోసే గదిలో గాలి పీల్చే ఇంజిన్‌కు ఇది చిన్న విషయం కాదు. మిగిలిన పొగ సంగతి ఓనరు మాటల్లో బయటపడింది. వల బాగా లాగుతుందని ఎవరో చెప్పగా ఆయన కాస్త పెద్ద ప్రొపెల్లరు బిగించారు. పాతది షెడ్డు వెనుక పడి ఉంటే కొలిచి చూశాం, కొత్తది వ్యాసంలో రెండు అంగుళాలు ఎక్కువ. వ్యాసం ఒక్క అంగుళం పెరిగితే పిచ్ (ప్రొపెల్లరు ఒక చుట్టుకు ముందుకు జరగవలసిన దూరం) రెండు మూడు అంగుళాలు పెంచినంత భారం పడుతుంది. పాతది తిరిగి పెట్టి, కిటికీలు ఖాళీ చేశాక ఇంజిన్ తన చుట్లు అందుకుంది, బూడిదరంగు పలుచని పొగ మాత్రం మిగిలింది. వయసు మీరిన ఇంజిన్‌కు ఆపాటి పొగ నాకు అభ్యంతరం కాదు.

ఇలాంటి బోట్లకు ఒకరు డీజిల్ మోతాదు మార్చకుండా పంపుకు వేసిన సీలు తెంపి డీజిల్ పెంచడం, తరువాత పొగ ఎక్కువైందని మరొకరు బోరు పని చెప్పడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పెంచిన డీజిల్‌లో కాలని భాగమే నల్లగా పోతుంది, వాల్వులు కూడా మాడుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో మత్స్యకారుల డీజిల్ రాయితీని లీటరుకు 9 రూపాయలకు పెంచింది; ఆ మేలంతా పొగగొట్టంలోనే పోతున్న బోట్లు హార్బరులో ఎన్నో ఉన్నాయి.

కనుక మీరు ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మూత తెరిచీ మూసీ పొగ పోల్చండి, గేరులో పూర్తి వేగానికి ఎన్ని చుట్లు అందుతున్నాయో రాసుకోండి. ఇంజిన్ తన చుట్లు అందుకోలేకపోతే బోటు అడుగు, ప్రొపెల్లరు చూడాలి. చుట్లు అందుతూ కూడా పొగ వస్తుంటే ఇంజెక్టర్ల వంతు. నిదానంగా తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టును కొద్దిగా వదులు చేసి చూస్తే, ఏ సిలిండరు దగ్గర ఇంజిన్ చప్పుడు మారకుండా పొగ తగ్గుతుందో అక్కడి నాజిల్ (ఇంజెక్టరు మొన) పాడైనట్టే. ఇది పాత రకం పంపు ఉన్న ఇంజిన్లకు మాత్రమే. చేతులు దూరంగా ఉంచాలి, ఆ ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్లపొగ సంగతి వేరు. నిషేధ కాలంలో సగం ఖాళీగా ఉన్న డీజిల్ ట్యాంకులో నీటి చెమ్మ చేరుతుంది, ముందు ట్యాంకు అడుగు నుంచి ఆ నీరు వదిలించాలి. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, కళ్లు మండిస్తూ, డీజిల్ వాసన వేస్తే అది కాలని ఇంధనం. వాసన లేకుండా గాలిలో వెంటనే కలిసిపోతే ఆవిరి. అప్పుడు కూలింగ్ నీటి మట్టం తగ్గుతోందా, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా మారిందా చూసి, సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పాడైందేమో అనుమానించాలి. మీది నల్లపొగ కనుక, పై పరీక్షలన్నీ అయ్యాక ఇంజిన్ బ్రీదరు (లోపలి గాలి బయటకు పోయే గొట్టం) నుంచి పొగ బుసలు కొడుతూ, ఆయిల్ కూడా తగ్గిపోతుంటే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిపించండి. ఆ కొలత చూపించమని అడిగి, అది చూశాకే బోరు పనికి ఒప్పుకోండి.