వీడియో కాల్‌కి వేరే ప్యాక్ కొనాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విశాఖపట్నం, సీతమ్మధార. దుబాయ్, మస్కట్‌లలో ఉంటున్న మన పిల్లలకు ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో వీణ నేర్పిస్తాను. అదే నా జీవనాధారం. నెల రోజులుగా సాయంత్రం ఏడు దాటితే చాలు, వీడియో కాల్ ముక్కలుముక్కలుగా వస్తోంది. అదే టైమ్‌లో మా నెట్ కంపెనీ వాళ్ల సినిమాల యాప్ మాత్రం ఆగకుండా నడుస్తోంది. ఫోన్ చేస్తే ‘వీడియో కాల్ ప్యాక్ వేయించుకోండి మేడమ్, నెలకు 200 ఎక్స్‌ట్రా’ అన్నారు. అలా అడగొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అడగకూడదమ్మా. కాకపోతే ఆ 200 దేనికోసమో ముందు తేల్చుకోవాలి. మొత్తం కనెక్షన్ వేగం పెంచడానికైతే అది మామూలు ప్లాన్ మార్పే, తప్పు పట్టలేం. వీడియో కాల్స్ ఒక్కటే బాగా రావడానికైతే మాత్రం చట్టవిరుద్ధం. కుళాయి నీళ్లకు బిల్లు కడతాం. ఆ నీళ్లతో వంట చేశారా, బట్టలు ఉతికారా అని ఆరా తీసి వేరే రేటు వేస్తే ఒప్పుకుంటామా? ఇదీ అంతే.

ఈ హక్కు మనకు ఊరికే రాలేదు. కొన్ని యాప్‌లు, వెబ్‌సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బు అనే పథకాలు వచ్చినప్పుడు, 2015లో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. ఏం చూస్తున్నారు, ఏం వాడుతున్నారు అన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 చొప్పున గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. 2018లో టెలికాం శాఖ ఇంకో అడుగు వేసి లైసెన్స్ షరతుల్లోనే రాసింది: ఏ కంటెంట్‌నూ ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, ఎవరికీ ప్రత్యేక వేగం ఇవ్వకూడదు. ఎక్కువ డేటా లాగే యాప్‌ల కంపెనీలు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాయి. ఆ వాదన నాకు సమ్మతం కాదు. పెద్ద యాప్‌లు ఎలాగో కట్టేస్తాయి, చివరికి భారం పడేది మీలా ఇంట్లో కూర్చుని నాలుగు రాళ్లు సంపాదించుకునే వాళ్ల మీదే.

అయితే నెట్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన కేసు నిలవదు. సాయంత్రం వీధి మొత్తం టీవీల ముందు కూర్చుంటుంది, లైన్ మీద లోడ్ పడుతుంది. రద్దీని సర్దడానికి కంపెనీ తాత్కాలికంగా, పారదర్శకంగా చేసే ఏర్పాట్లను షరతులే అనుమతిస్తున్నాయి. ఆ సినిమాల యాప్ బాగా రావడం కూడా ఒక్కటే రుజువు కాదు. సినిమాల కాపీలు మనకు దగ్గర్లోని సర్వర్‌లో పెట్టుకోవడం చట్టబద్ధమే. వీడియో కాల్‌ని అలా దాచిపెట్టడం కుదరదు, అప్పటికప్పుడు మాటా బొమ్మా అటూ ఇటూ వెళ్లాల్సిందే.

అందుకే ఓ పది రోజులు ఓపిక పట్టి లెక్క రాయండి. వైఫై వద్దు, రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టండి. రాత్రి ఏడున్నరకి స్పీడ్ టెస్ట్ చేసి, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. వెంటనే వీడియో కాల్ చేయండి. తర్వాత వీపీఎన్ (మన డేటాను రహస్యంగా మార్చి వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఆన్ చేసి అదే కాల్ మళ్లీ చేయండి. వీపీఎన్‌లో మీరు ఏ యాప్ వాడుతున్నారో కంపెనీ గుర్తుపట్టడం కష్టం. స్పీడ్ టెస్ట్‌లో వేగం నిండుగా ఉండి, మామూలుగా తెగుతున్న కాల్ వీపీఎన్‌లో రోజూ బాగా వస్తుంటే అనుమానం బలపడుతుంది. వీపీఎన్ దారి వేరు కాబట్టి ఒక్క రోజు ఫలితం పట్టుకుని వెళ్లకండి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మాత్రం వాళ్ల నోటి మాటే. దాన్ని కాగితం మీదకు రప్పించండి. కస్టమర్ కేర్‌కి ఈమెయిల్‌లో ఇలా రాయండి: ‘నెలకు 200 రూపాయలు కడితే మొత్తం కనెక్షన్ వేగం పెరుగుతుందా, లేక వీడియో కాల్స్ మాత్రమే మెరుగవుతాయా? రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ ఫిర్యాదు డాకెట్ నంబర్ తప్పకుండా అడిగి తీసుకోండి. కేబుల్ అబ్బాయితో గొడవ వద్దు, బిల్లు మీద ఏ కంపెనీ పేరుందో ఆ లైసెన్స్‌దారుదే బాధ్యత.

పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు పరిష్కరించదు, జరిమానా పడినా అది మీ చేతికి రాదు. మీకు పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషనే దారి. టెలికాం గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరు విశాఖలోనే కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు. ‘పాఠాలు చెప్పి సంపాదిస్తున్నారు, మీది వ్యాపార వాడకం’ అని వాళ్లు అడ్డు చెప్పవచ్చు. టెన్షన్ పడకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకునే వాళ్లు కూడా వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది.

స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, కాబట్టి అసలు ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోంచి చెరిపేయకండి. ఆగిపోయిన క్లాసులకు తల్లిదండ్రులకు ఫీజు వెనక్కి ఇచ్చి ఉంటే ఆ బ్యాంకు ఎంట్రీలు కూడా తీసి పెట్టండి. మీ నష్టం ఎంతో కమిషన్‌కు లెక్కగా చూపించాల్సింది వాటితోనే.