సీఆర్‌టీ పేస్‌మేకర్ పనిచేస్తుందో లేదో స్కాన్ చూసి ముందే చెప్పగలరా?

మీ మామగారికి సీఆర్‌టీ పేస్‌మేకర్ (గుండె రెండు పక్కలూ ఒకేసారి ముడుచుకునేలా విద్యుత్తు ఇచ్చే యంత్రం) పెట్టాలన్నారని, అది ఆయనకు పనిచేస్తుందో లేదో ఎకో, ఎమ్మారై చూసి ముందే తెలుసుకోవచ్చా అని అడిగారు. ఎకోలో కొలిచే మిల్లీసెకన్ల లెక్కలను బట్టి తెలియదు. గుండె కండలో మచ్చ, అంటే చచ్చిన భాగం, ఎక్కడ ఉందో, పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే తీగ ఎక్కడ పెట్టబోతున్నారో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు తెలుస్తుంది. మా నాన్న విషయంలో ఈ సంగతి మాకు తెలిసేసరికి ఏడు నెలలు గడిచిపోయాయి.

నాన్నకు చాలా ఏళ్ల క్రితం గుండెపోటు వచ్చింది. తర్వాత పంపింగ్ తగ్గుతూ 24 శాతానికి చేరింది. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమ పక్కకు విద్యుత్తు ఆలస్యంగా చేరడం), క్యూఆర్‌ఎస్ వెడల్పు, అంటే విద్యుత్తు జఠరికలంతటా పాకడానికి పట్టే సమయం, 156 మిల్లీసెకన్లు. ఈ లెక్కన పేస్‌మేకర్ పెట్టాలన్న నిర్ణయం సరైనదే, దాన్ని నేను తప్పు పట్టను. ఎకో తీసినప్పుడు గుండె రెండు గోడల కదలికకు మధ్య 90 మిల్లీసెకన్ల తేడా ఉందని, ఇంత తేడా ఉన్నవాళ్లకు ఇది చాలా బాగా పనిచేస్తుందని చెప్పారు. ఆ మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ సంతోషించాం. అదే వారంలో ఇంకోచోట తీసిన ఎకోలో ఆ తేడా 50 అని వచ్చింది. ఒకే గుండెకు రెండు అంకెలు ఎందుకు వచ్చాయని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

పేస్‌మేకర్ పెట్టిన ఆరు నెలల తర్వాత కూడా నాన్న ఆయాసంతో మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకునే పడుకునేవారు. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ గుండె స్పందనల్లో 98 శాతం పేస్‌మేకరే ఇస్తోంది, బాగా పనిచేస్తోంది అనేవారు. యంత్రం బాగుంటే మనిషి ఎందుకు బాగుపడలేదన్నదే మా ప్రశ్న. చివరికి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన గుండె కండకు రక్తం ఎక్కడ అందుతోందో చూపే న్యూక్లియర్ స్కాన్ తీయించారు.

ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయన తెర మా వైపు తిప్పారు. ఎడమ జఠరికను విప్పి పరిచినట్టు ఒక గుండ్రటి పటం, రక్తం అందుతున్నచోట పసుపు, నారింజ రంగులు. కుడివైపు కింది భాగంలో, అంటే గుండె వెనుక పక్కగోడ ఉండేచోట, నల్లటి పెద్ద మరక. దాని పక్కన నాన్న ఛాతీ ఎక్స్‌రే పెట్టి, తీగ కొన మీద పెన్ను ఆనించి, "ఇది ఉన్నది సరిగ్గా ఆ నల్లటి చోటే" అన్నారు. నాన్న కాసేపు ఆ తెరనే చూసి, "అంటే చచ్చిన కండను లేపుతున్నారా డాక్టరుగారూ?" అని అడిగారు. ఆయన తల ఊపారు. నాకు నోట మాట రాలేదు. గుండెపోటు వచ్చిన మనిషి అని అందరికీ తెలుసు. అయినా తీగ పెట్టేముందు మచ్చ ఎక్కడుందో ఒక్కరూ చూడలేదు!

మచ్చపడిన కండ విద్యుత్తును సరిగ్గా పట్టదు, పక్కకు సరిగ్గా పాకనివ్వదు. తీగను వెనుక పక్కగోడ మీద పెట్టడం మామూలు పద్ధతే, ఎందుకంటే ఈ బ్లాక్ ఉన్నవాళ్లలో సాధారణంగా అన్నిటికన్నా ఆలస్యంగా ముడుచుకునేది ఆ భాగమే. కానీ అక్కడే మచ్చ ఉంటే ఆ పద్ధతి ఎవరికి ఉపయోగం?

ఎకో అంకెల మీద నా అపనమ్మకానికి ఆధారం ఉంది. 2008లో వచ్చిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో 53 కేంద్రాల్లో దాదాపు 500 మందికి ఇలాంటి 12 కొలతలు తీసి చూస్తే, ఏ ఒక్కటీ నమ్మదగినదిగా తేలలేదు. చూసే మనిషి మారితే అంకె మారింది. 2013లో వచ్చిన ఎకోసీఆర్‌టీ అనే అధ్యయనం ఇంకా గట్టి దెబ్బ. క్యూఆర్‌ఎస్ 130 కన్నా తక్కువ ఉన్నా ఎకోలో తేడా కనిపించిందని పేస్‌మేకర్ పెట్టిన 809 మందిలో, దాన్ని పనిచేయించినవాళ్లలో మరణాలు 11.1 శాతం, ఆపి ఉంచినవాళ్లలో 6.4 శాతం. అందుకే ఈసీజీ కాగితాన్ని మించిన ఎకో లెక్క లేదంటాను. ఎకోను బొత్తిగా తీసేయను. ఈసీజీలో బ్లాక్ ఉన్నప్పుడు మధ్యగోడ ఒక్కసారి లోపలికి జర్కుమని కదలడం, గుండె కొన ఊగడం కంటికి కనిపిస్తే అది మంచి గుర్తే. టార్గెట్ అనే అధ్యయనంలో స్పెకిల్ ట్రాకింగ్ ఎకోతో (కండలో ప్రతి భాగం కదలికను వెంబడించి కొలిచే ఎకో) మచ్చ లేని, ఆలస్యంగా కదిలే చోటును వెతికి తీగ పెడితే 70 శాతం మందికి ఫలితం వచ్చింది, మామూలుగా పెట్టినవాళ్లలో 55 శాతం.

ఇంకో బాధ కూడా చెప్పాలి. స్కాన్ తీశాక మన చేతికి ఒక సీడీ, "రోగి లక్షణాలతో పోల్చి చూడండి" అని ముగిసే రెండు పేజీల రిపోర్టు ఇస్తారు. మచ్చ ఏ గోడలో, ఎంత మందాన ఉందో అందులో ఒక్క వాక్యం ఉంటే మాకు ఆ ఏడు నెలలు కలిసి వచ్చేవి.

మీ మామగారికి ఇంకా పెట్టలేదు కదా, గాడోలినియం అనే మందు ఎక్కించి తీసే ఎమ్మారై ఇప్పుడే తీయవచ్చేమో అడగండి. మచ్చ అందులో తెల్లగా మెరుస్తుంది. మూత్రపిండాల పనితీరు ముందుగా చూసుకోవాలి. పేస్‌మేకర్ పెట్టాక దాని లోహం వల్ల ఆ బొమ్మలు చెడిపోయే అవకాశం ఉంది. తీగ పెట్టే డాక్టరు ఆ బొమ్మలు స్వయంగా చూశారా అని కూడా అడగండి, మొహమాటపడకండి.

నాన్నకు తీగను ముందువైపు పక్కగోడ మీది ఇంకో సిరలోకి మార్చారు. ఆరు నెలలకు, గుండె ముడుచుకున్నప్పుడు అందులో మిగిలే రక్తం 190 మిల్లీలీటర్ల నుంచి 150కి తగ్గింది, పంపింగ్ 33కి వచ్చింది. ఇప్పుడు ఒక్క దిండుతో పడుకుంటున్నారు.